పన్నెండు కిలోలు

మామిడి లోడు దించకుండానే వచ్చింది ట్రాక్టరు
చిత్తూరు పెద్దాసుపత్రి వాకిట్లోకి.
ముందు తోతాపురి వాసన దూకింది,
వెనకే నాయన,
అతని చేతుల్లో విల్లులా వంగి అదురుతున్న బిడ్డ.

పేరు లోహిత్. రెండున్నరేండ్లు. మురకంబట్టు.
ఒళ్ళు పెనం. నల్లగుడ్లు పైకి ఎక్కిపోయిన కండ్లు.
ఎంతసేపయింది? అంటే
ఎవరి గడియారం వాళ్ళది.
తల్లి వళ్ళియమ్మ: కుక్కరు రెండో కూతకి మేడమ్.
ట్రాక్టరబ్బాయి: గేటు పడింది, గూడ్సు పోయిందాకా నిలబెట్టినారు.
అవ్వ ఏమీ చెప్పలేదు,
కొంగులో చెయ్యి దాచుకుని గోడకి ఆనుకుంది.
కేస్ షీటులో రాసినాను: ఇరవై నిమిషాలు,
పక్కన ఒక ప్రశ్నార్థకం.

పక్కకి తిప్పినాను. నురగ గొట్టంతో లాగి
ముక్కు మీద ఆక్సిజన్ పెట్టినాను.
వేలికొన గుచ్చితే చక్కెర సరిగానే ఉంది.
పిడికిలి మాత్రం తెరుచుకోలేదు. లోపల ఇనుము.

బీగంచెవి, అన్నాడు నాయన, తప్పు చేసినోడిలా.
ఇనుము పట్టించమని ఎవరో అరిస్తే
చేతికి అందింది బండి బీగంచెవి ఒక్కటే.
పిడికిలి మూసుకుంది.
బండి వాకిట్లో ఉండిపోయింది.
రోడ్డు దాకా ఉరికి ట్రాక్టరుకి అడ్డం పడినారు.

నేను నవ్వలేను.
నా ముందుపన్ను మీద ఇప్పటికీ
మా ఇంటి గంటె చేసిన పగులు ఉంది.

ఆ బొద్దు చేతుల్లో నరం దొరకలేదు.
రెండుసార్లు గుచ్చి, డాక్టర్ ఫర్హీన్ తలెత్తింది:
ముక్కులో వేద్దాం. బరువెంత?
కొట్టుకునే బిడ్డ కాటా మీద నిలవడు.
బరువు లేకుండా మందుకి లెక్క లేదు.

పన్నెండు, అన్నాడు మునిశేఖరు.
ఎప్పుడు తూచినారు?
ఇప్పుడే. ఎత్తుకొస్తిని గదా.
దామలచెరువు మండీలో పదకొండేండ్లు మేడమ్,
ఇరవైనాలుగు కిలోల క్రేటు. వీడు దాంట్లో సగం.

ఆమె అతని చేతులు చూసింది,
మణికట్టు దాకా సొన కాల్చిన మచ్చలు.
వయసుతో కట్టిన లెక్కా ఆ దాపునే ఉంది.
పన్నెండుకే మందు తీయించింది.

ఈ ముక్కులో సగం. ఆ ముక్కులో సగం.
ఇక చేతులకి పని లేదు,
గోడ మీది ముల్లుని చూడ్డమే.
ఇన్నేండ్ల డ్యూటీలో నాకు అలవాటు కానిది
ఆ రెండు నిమిషాలే.

ముందు ఎడమకాలు ఆగింది.
దవడ.
ఆ తర్వాత, చాలాసేపటికి అనిపించింది గానీ కాదు,
వేళ్ళు ఒక్కొక్కటే విడిపోయి
బీగంచెవి నేల మీద పడింది.
ఎవరూ దాన్ని తీయలేదు.

వాడు గురకపెట్టి నిద్రపోయినాక
కాటా మీద పడుకోబెట్టినాము.
పన్నెండు కిలోల నూరు గ్రాములు.
చొక్కా తడిసింది గదా, ఆ నూరూ నీళ్ళు, అన్నాడు మునిశేఖరు,
అని, కాటా అంచు పట్టుకుని
మొదటిసారి ఏడ్చినాడు.

జ్వరంతో వచ్చినట్టుందని డాక్టరమ్మ చెప్పింది,
రాత్రంతా ఇక్కడే చూసుకుంటామని కూడా.
నేను చెప్పేది నేను చెప్పినాను:
మళ్ళీ వస్తే పక్కకి తిప్పండి. టైము చూడండి.
అయిదు నిమిషాల్లో ఆగకపోతే పరిగెత్తండి,
బీగంచెవి బండికే ఉండనీండి.
నోట్లో మాత్రం ఏదీ పెట్టొద్దు...

అవ్వ కొంగు కదిలింది.
చెయ్యి బయటికి లాగి చూసినాను.
చూపుడువేలి కణుపు మీద నాలుగు గాట్లు,
ఎండిన నెత్తురు.
నాలిక కొరుక్కుంటాడని పెట్టింది,
ట్రాక్టరు ఎక్కిందాకా తీయలేదంట.

కడిగి కట్టు కడుతుంటే
నొప్పా అవ్వా, అని అడిగినాను.
మంచం వైపే చూస్తూ అంది,
పాలపండ్లే గదమ్మా,
అయినా ఎంత గట్టిగా ఉండాయో.